ప్రొద్దుటూరు రేకుల ఇంట్లో రాత్రి చప్పుళ్లు: సమాధానం

అక్కా, ప్రొద్దుటూరులో మీరు బాడుగకు దిగిన రేకుల ఇంట్లో రాత్రి పైన ఎవరో నడిచినట్టు చప్పుడు వస్తోందని, ఒకాయన తెచ్చిన మీటరు కూసేసరికి ఆత్మ ఉందని చెప్పి శాంతికి పదిహేను వేలు అడుగుతున్నాడని రాశారు కదా, ముందు ఆ డబ్బు ఇవ్వకండి. ఆ మీటరు పట్టేది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని, గోడలో కరెంటు వైరు ఉన్నా, ఫ్రిజ్ తిరుగుతున్నా, జేబులో ఫోనున్నా కూస్తుంది. మెయిన్ ఆపి, ఫోన్లు బయటపెట్టి మళ్లీ చూపించమనండి.

మన కడప ఎండకు పగలంతా సాగిన రేకులు రాత్రి చల్లబడి ముడుచుకునేటప్పుడు బోల్టుల దగ్గర టక్ టక్‌మంటాయి, ఒకదాని వెనక ఒకటి, అచ్చం అడుగుల్లాగే. అదే కారణమని ఇక్కడ కూర్చుని తేల్చేయలేను, పిల్లి కూడా కావచ్చు. అందుకే చప్పుడైన టైము మీరూ అత్తమ్మా ఒకరికొకరు చెప్పుకోకుండా వేర్వేరుగా రాసుకోండి, ఎండ కాసిన రోజుకీ మబ్బు పట్టిన రోజుకీ తేడా చూడండి, పడుకునే ముందు పిట్టగోడ మీద ముగ్గుపిండి పలచగా చల్లండి, పిల్లి అయితే అడుగులు కనిపిస్తాయి.

శ్రీలంకలో అబ్రహం కోవూర్ అనే హేతువాది 1963లో, మోసానికి తావులేని పరీక్షలో అతీంద్రియ శక్తి చూపిస్తే లక్ష రూపాయలిస్తానన్నారు, 1978లో ఆయన పోయేదాకా ఒక్కరూ గెలవలేదు. అయినా అత్తమ్మను కసురుకోకండి, ఆమె విన్న చప్పుడు నిజమే, అది దయ్యమన్నదే ఇంకా రుజువు కాలేదు. వారం రాశాక ఆ టైములు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.