ప్యాడ్లు కట్టుకునే ముందు

ఒరేయ్ చింటూ,

నువ్వు స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ వర్సిటీ టీముకి, అంటే స్కూలు మెయిన్ జట్టుకి ఎక్కావనీ, ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసింది. సగం సంతోషం, సగం ఏడుపు. "నువ్వైనా మానిపించు అన్నయ్యా" అంది. నేను మానిపించను. డాలస్‌లో 28 ఏళ్లు ఫిజియోథెరపీ చేశాను, నీలాంటి పిల్లల మోకాళ్లు ఎన్ని పట్టానో లెక్కలేదు. వద్దంటే మానినవాడు ఒక్కడూ లేడు. తెలుగు చదవడం కష్టమైతే దీన్ని మీ అమ్మ చేత చదివించుకో. తను వినాల్సినవీ ఉన్నాయి.

ముందు లెక్క చూడు. 32 జట్లు, ఒక్కో జట్టుకి 53 మంది, మొత్తం 1,700 కూడా నిండరు. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడిస్తేగానీ, జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్టుకి పనికిరావు. ఏడు రౌండ్లూ కలిపి తీసుకునేది 250 మంది పైచిలుకు. అక్కడితో సీటు ఖాయమనుకునేవు! ఆగస్టు చివర్లో ప్రతి జట్టూ 90 మందిని 53కి కుదిస్తుంది. తీసేశారన్న కబురు తెచ్చేవాణ్ణి 'టర్క్' అంటారు. "కోచ్ రమ్మన్నాడు, ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) కూడా తెచ్చుకో" అంటాడు. అంతే, బ్యాగు సర్దుకోవడమే.

ఆడటం కోచ్ నేర్పుతాడు. పంపించేసిన మర్నాడు పొద్దున్న లేచి ఏం చేయాలో మాత్రం నువ్వే నేర్చుకోవాలి.

కర్ట్ వార్నర్ గురించి విన్నావా? 1994లో డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. ప్యాకర్స్ జట్టు వాళ్లు క్యాంపుకి పిలిచి, పంపించేశారు. అయోవాలో ఒక సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట సరుకులు సర్దాడు, గంటకి ఐదున్నర డాలర్లు. తర్వాత అరీనా ఫుట్‌బాల్ (ఇండోర్‌లో, చిన్న మైదానంలో ఆడేది) ఆడాడు. 1999లో సెయింట్ లూయిస్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడికి, మోకాలు పోతే ఇతన్ని దింపారు. ఆ సీజన్లోనే ఎంవీపీ (లీగులో ఉత్తమ ఆటగాడు), లీగు ఫైనల్ సూపర్‌బౌల్‌లో గెలుపు కూడా. అందరూ కప్పు గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ రాత్రి డ్యూటీయే నచ్చుతుంది.

డబ్బు గురించి రెండు ముక్కలు. 2025లో కొత్తవాడికి కనీస జీతం ఏడాదికి 8,40,000 డాలర్లు. కానీ అది సీజన్ వారాల లెక్కన వస్తుంది. గ్యారంటీ లేనివాణ్ణి మధ్యలో తీసేస్తే మిగతా వారాలకి సున్నా. ఏజెంటుకి మూడు శాతం దాకా పోతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కదా అనుకోకు, కాలిఫోర్నియాలో ఒక్క మ్యాచ్ ఆడినా వాళ్ల వాటా వాళ్లు లాగుతారు.

ఇక మీ బావ సంగతి. పదకొండో తరగతిలో ఒక శుక్రవారం మ్యాచ్‌లో తలకి గట్టిగా తగిలింది. "ఏం లేదు నాన్నా" అన్నాడు. నేనూ కళ్లలోకి టార్చి వేసి చూసి సరేనన్నాను. రెండో సగం కూడా ఆడాడు. కారులో వస్తుంటే, మేం పదేళ్లుగా ఉంటున్న వీధి మలుపులో, "నాన్నా, మన ఇల్లు ఇటేనా?" అని అడిగాడు. నా చేతిలో స్టీరింగ్ వణికింది. దెబ్బ అనుమానం ఉన్న పిల్లాణ్ణి ఆ రోజు మళ్లీ దింపకూడదని టెక్సాస్‌లో 2011లో చట్టం వచ్చింది. మాది అంతకు ముందు మాట. అయినా తెలిసి తెలిసి ఒప్పుకున్నది నేనే, తప్పు నాదే. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడులే.

జాన్ అర్షెల్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రేవెన్స్ జట్టుకి గార్డుగా (ముందు వరసలో అడ్డు నిలిచేవాడిగా) ఆడుతూనే ఎంఐటీలో లెక్కల్లో పీహెచ్‌డీలో చేరాడు (మీ అమ్మ మొహం ఇక్కడ వెలుగుతుంది చూడు). 2015 క్యాంపులో తలకి దెబ్బ తగిలి కొన్నాళ్లు పెద్ద లెక్కలు చేయలేకపోయాడు. 2017లో, 26 ఏళ్లకే ఆట వదిలేశాడు.

సీజన్ ముందు కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు కదా. తర్వాత దెబ్బ తగిలినా తేడా దొరకకూడదని అందులో కావాలనే తక్కువ తెచ్చుకునే పిల్లలున్నారు. నువ్వా పని చేశావని తెలిస్తే చెవి మెలేస్తాను. తల దిమ్మెక్కినా, వెలుతురు గుచ్చుకున్నా ట్రైనర్‌కి ఆ నిమిషమే చెప్పు. పక్కవాడికి అలా అయినా నువ్వే చెప్పు, వాడు తిట్టుకున్నా సరే.

మొదటి హోమ్ మ్యాచ్ ఏ శుక్రవారమో మెసేజ్ పెట్టు. అత్తయ్య పులిహోర తెస్తానంటోంది. అమ్మని కూడా లాక్కురా, కళ్లు మూసుకునైనా కూర్చుంటుంది.

మీ మామయ్య