ఫిట్స్ తగ్గాక తెలివి రాకముందే నర్సును నెట్టాడు.. జైలు తప్పదా?

ప్రశ్న: మాది తిరుపతి. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. బస్టాండులో పడిపోతే 108లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. కొట్టుకోవడం ఆగాక ఇద్దరు అదిమిపట్టి చేతులు మంచానికి కట్టబోతే విదిలించుకున్నాడు. నర్సమ్మ కిందపడి మణికట్టు బెణికింది. కేసు పెట్టారు. వాడికేమీ గుర్తులేదు. జైలు తప్పదా? కట్టేయడం తప్పు కాదా?

జవాబు: ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని సెక్షన్లు చూడండి. ఇలాంటి కేసుల్లో భారతీయ న్యాయ సంహిత 132, 121 (విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దాడి, గాయపరచడం) పెడతారు. వైద్య సిబ్బందిపై దాడికి మన రాష్ట్రంలో 2008 నాటి ప్రత్యేక చట్టం కూడా ఉంది. అది నాన్‌బెయిలబుల్, శిక్ష మూడేళ్ల దాకా. కాబట్టి ముందస్తు బెయిలు పిటిషన్ ఆలస్యం చేయొద్దు. పోలీసులు విచారణకు రమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇస్తే చెప్పిన రోజుకు తప్పకుండా వెళ్లాలి.

మీ తమ్ముడికి అండ సంహితలోని 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84. తాను చేస్తున్నదేమిటో, అది తప్పని తెలుసుకోలేని మానసిక స్థితిలో చేసిన పని నేరం కాదు. దీనికి ‘పిచ్చి’ ముద్ర అక్కర్లేదు, ఆ నిమిషంలో స్థితి ఏమిటన్నదే లెక్క. ఫిట్స్ ఆగాక కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా మనిషి కళ్లు తెరిచే ఉంటాడు, ఎదుటివాళ్ల మాట మాత్రం బుర్రకెక్కదు. అప్పుడు అదిమిపడితే విదిలించుకుంటాడు. అది పగతో చేసిన దాడి కాదు.

రుజువు చేయాల్సింది మనమే. అయితే అనుమానానికి తావులేనంతగా అక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే చాలని సుప్రీంకోర్టు 1964లోనే దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో చెప్పింది. అందుకే నిమిషాల లెక్క కావాలి. 108 షీటు, క్యాజువాలిటీ షీటు, నర్సింగ్ నోట్సు, షుగర్ రీడింగు, ఇంజెక్షన్ వేసిన టైము అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఫిట్స్ 4.10కి ఆగి 4.18కి నెట్టాడనుకోండి, మధ్యలో ‘పేరడిగితే చెప్పలేదు’ అని ఒక్క వాక్యం ఉన్నా కేసు బలం మారిపోతుంది. సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకముందే భద్రపరచమని ఈరోజే సూపరింటెండెంటుకు, ఎస్సైకి అర్జీలిచ్చి రసీదు తీసుకోండి. పాత మందుల చీటీలు, ఈఈజీ (మెదడు పరీక్ష) రిపోర్టు, న్యూరాలజిస్టు సర్టిఫికెట్ జతచేయండి.

నర్సమ్మను కలిసి బాధపడండి, అది ధర్మం. కానీ ‘కోపంలో కొట్టాడు, క్షమించండి’ అని కాగితం మీద రాసివ్వొద్దు, అదే మీకు ఎదురు తిరుగుతుంది. ఆమె ఒప్పుకున్నా 132, 121 కింది కోర్టులో రాజీకి వచ్చేవి కావు. కొట్టివేత కోసం హైకోర్టుకే వెళ్లాలి.

కట్టేయడం గురించి: మంచం మీంచి పడే ప్రమాదం ఉంటే, రోగి మేలుకోసం మంచి ఉద్దేశంతో చేసినదానికి 30వ సెక్షన్ రక్షణ ఉంది. శిక్షగానో, కనిపెట్టుకుని ఉండే సిబ్బంది లేరనో కడితే ఆ రక్షణ దొరకదు. ఎందుకు, ఎంతసేపు, ఎవరు చెబితే కట్టారో కేస్‌షీటులో రాశారా చూడండి. బోర్లా పడేసి వీపు నొక్కడం ప్రాణానికే ముప్పు.

మీ తమ్ముడి జేబులో తెలుగులో రాసిన చీటీ ఉంచండి: ‘నాకు ఫిట్స్. ఒక పక్కకు తిప్పండి. చేతిలో తాళాలు, నోట్లో ఏదీ పెట్టొద్దు. ఆగాక పట్టుకోవద్దు, దగ్గర ఒక్కరే నిలబడి నెమ్మదిగా మాట్లాడండి. 5 నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా 108.’