మెడ మీదుగా పోయిన సముద్రపు గీత

ప్రశ్న: మా అక్క కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవు దొరికితే చాలు, ఫోన్ పట్టుకుని కొత్తపట్నం బీచ్‌కి పోతాడు. పోయిన నెల తెల్లవారుజామున తీసిన ఫోటో ఒకటి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "పిన్నీ, ఎలా ఉందో నిజం చెప్పు" అన్నాడు. నాకు డ్రాయింగ్ కొంచెం వచ్చు. కనిపించినవన్నీ చెప్పేశాను: సముద్రం పక్కకి ఒరిగింది, రంగు మరీ ఎక్కువైంది, పడవ కొస తెగింది, మధ్యలో ఆ మనిషి అడ్డం వచ్చాడు అని. "సరే పిన్నీ" అన్నాడు. మళ్లీ ఒక్క ఫోటో పెట్టలేదు. అసలు చెప్పకుండా ఉండాల్సిందా? ఫోటో కూడా పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చెప్పడం తప్పు కాదమ్మా. వాడు నిజమే అడిగాడు. ఊరికే "సూపర్" అని బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్ల కంటే మీరు వాడి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. అయితే ఫోటోని రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాక, మీరు చెప్పిన నాలుగింటిలో ఒకదానితో నేను ఒప్పుకోలేకపోతున్నాను.

నా కన్ను ముందుగా పోయింది సూర్యుడి మీదికి కాదు, వల దులుపుతున్న ఆ పెద్దాయన మీదికి. రెండు చేతులూ ఎత్తి ఉన్నాయి, వల అంచు నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. ఆయన అడ్డం వచ్చాడని మీరన్నారు. పిల్లవాడు ఆగిందే ఆయన కోసమైతే? "ఇక్కడ ఏం చూసి ఆగావు నాన్నా?" అని ముందు అడిగి ఉంటే అది తెలిసిపోయేది. తీసినవాడి ఉద్దేశం తెలియకుండా తప్పులు లెక్కపెడితే, వాడు ప్రేమగా తీసినదాన్నే మనం తీసేయమన్నట్టు అవుతుంది.

ఇక ఫోటోలో నిజంగా ఉన్న ఇబ్బంది ఒకటి ఉంది. సముద్రపు గీత, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసే గీత, సరిగ్గా ఆ పెద్దాయన మెడ మీదుగా పోతోంది. నిలబడి తీయడం వల్ల వచ్చిన చిక్కు అది. చదునైన ఇసుక మీద మన ఫోన్ ఎంత ఎత్తులో ఉంటే, ఆ గీత ఎదుటి మనిషిని ఇంచుమించు అంత ఎత్తులోనే కోస్తుంది. ముఖం ఎదుట పట్టుకుంటే ఆయన మెడ మీద పడింది. అదే మోకాళ్ల మీద కూర్చుని ఉంటే నడుము దగ్గరికి దిగేది. అప్పుడు తల, భుజాలు, ఎత్తిన వల అన్నీ వెలుతురున్న ఆకాశంలో విడిగా నిలబడేవి.

వాడికి చెప్పాల్సింది ఇదొక్కటే. ఒరిగిన సముద్రాన్ని ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే సరిచేయొచ్చు. రంగూ అంతే, తగ్గించుకోవచ్చు. మోకాళ్ల మీద కూర్చోవడం మాత్రం ఆ ఒడ్డున, ఆ నిమిషంలో జరగాలి. ఇంటికొచ్చాక చేయలేనిది ఏదో అది ముందు చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

నా సంగతి చెబుతాను. నెల్లూరులో ఫిల్మ్ రోజుల్లో స్టూడియోలో పని నేర్చుకుంటున్నప్పుడు, పెన్న ఇసుకలో నిలబడి రంగనాయకుల గుడి గోపురం తీశాను. ఒక పెద్దమనిషి దుకాణంలో అందరి ముందు ఆ ప్రింటు చూసి, "గోపురం వెనక్కి పడిపోతోందేందిరా" అని నవ్వి ఇచ్చేశాడు. కెమెరా పైకెత్తితే అలా పడుతుందని చెప్పలేదు. కొన్ని నెలలు నేను కెమెరాతో పెన్న వైపు పోలేదు. ఆ తర్వాత మా గురువుగారు పాత పెళ్లిపత్రికను ఇంగ్లీషు L ఆకారంలో రెండు ముక్కలుగా కత్తిరించి, ఆ ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి జరుపుతూ పోయారు. ఖాళీ ఇసుక సగం మాయమైంది. గోపురం, దాని కింద బట్టలు ఆరేస్తున్న మనిషి మిగిలారు. "నువ్వు చూసింది ఇదేనా?" అన్నారు. అదే. మరుసటి ఉదయమే మళ్లీ వెళ్లాను.

మీ ఉత్తరంలో మీరు పైపైన రాసి వదిలేసిన మాట ఒకటుంది: ఫ్యామిలీ గ్రూపు. వాడు అడిగింది అక్కడే అయినా, జవాబు వాడొక్కడికే వెళ్లాల్సింది. బాబాయిలు, అత్తయ్యలు, చిన్నపిల్లలు అందరూ చదివారు కదా. మాట కంటే అదే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

ఇప్పుడు వాడికి విడిగా ఫోన్ చేయండి. "ఆ వల దులిపే తాత నా కళ్లలోంచి పోవడం లేదురా, ఆయన్ని అడ్డం అన్నాను, తప్పు నాదే" అనండి. తర్వాత మోకాళ్ల సంగతి చెప్పండి. ఈ ఆదివారం ఇద్దరూ చీకటితోనే కొత్తపట్నం బయల్దేరండి. ఉప్పుగాలికి లెన్స్ మసకబారుతుంది, తుడవడానికి మెత్తటి నూలుగుడ్డ తీసుకెళ్లండి. కొత్త ఫోటో వచ్చాక పాతదాని పక్కన పెట్టి, వాడినే ముందు మాట్లాడనివ్వండి.