గుంటూరు ఎండల్లో కూల్డ్ కెమెరా: ప్లస్ 5 చాలు, మైనస్ 20 అక్కర్లేదు

మీరు అడిగింది ఇదీ: కూలింగ్ ఉన్న ఆస్ట్రానమీ కెమెరా కొత్తగా కొన్నారు. డబ్బా మీద "బయటి ఉష్ణోగ్రత కన్నా 35 డిగ్రీలు తక్కువ" అని ఉంది. మైనస్ 20 పెడితే గంట గడిచినా అక్కడికి చేరడం లేదు, కూలర్ పవర్ 100 శాతం దగ్గరే ఉండిపోతోంది. కెమెరా పాడైనట్టేనా, వెనక్కి పంపేయాలా?

పంపకండి. ముందు లెక్క చూడండి. మీ ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి 33 డిగ్రీలు ఉందన్నారు. అందులోంచి 35 తీసేస్తే మైనస్ 2. ఫ్యాన్ బాగా తిరిగి, కరెంటు నిండుగా అందితే వచ్చే అంకె అది. మైనస్ 20 అంటే మీరు దాన్ని 53 డిగ్రీల తేడా అడుగుతున్నారు. పాపం అదేం చేస్తుంది!

నేనూ ఇదే చేశాను. గుంటూరులో మా డాబా మీద 80 ఎంఎం రిఫ్రాక్టర్‌తో (కటకాల టెలిస్కోప్‌తో) నాలుగేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. నా కెమెరాలో ఉన్నది సోనీ ఐఎంఎక్స్ 533 సెన్సర్: చదరంగా 3008 పిక్సెళ్లు ఇటు, 3008 అటు, ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లు. కొన్నది డిసెంబర్‌లో. మైనస్ 10 పెడితే పది నిమిషాల్లోపే చేరింది, సంబరపడ్డాను. ఏప్రిల్ వచ్చేసరికి అదే మైనస్ 10కి ఫ్యాన్ రాత్రంతా గోల పెట్టడమే తప్ప అంకె మైనస్ 2 దగ్గర, ఒక్కోసారి మైనస్ 1 దగ్గర ఊగిసలాడేది. ఇప్పుడు వేసవిలో ప్లస్ 5 పెడతాను. మొదటిసారి ఈ మాట చెబితే మా గ్రూపులో ఒకాయన "దానికి కూల్డ్ కెమెరా ఎందుకండీ, ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ ప్లస్ 5లో నా ఫోటోలకి వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఎందుకో చెబుతాను. వెలుతురు లేకపోయినా వేడి వల్ల సెన్సర్‌లో ఎలక్ట్రాన్లు పోగవుతాయి, దాన్నే డార్క్ కరెంట్ అంటారు. సుమారుగా ప్రతి 6, 7 డిగ్రీలకి అది సగమవుతుంది. 35 డిగ్రీల నుంచి 5కి దించితే ఇరవయ్యో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. అక్కడి నుంచి మైనస్ 10కి దించితే మరో ఐదో వంతు. కాగితం మీద గొప్పగానే ఉంది. కానీ ఊరి వెలుగులో మన ఆకాశం ఒక్కో పిక్సెల్‌కి సెకనుకి మూడో నాలుగో ఎలక్ట్రాన్లు కుమ్మరిస్తోంది. ఈ కొత్త సీమాస్ (CMOS) రకం సెన్సర్‌లో సున్నా డిగ్రీల దగ్గర డార్క్ కరెంట్ సెకనుకి ఎలక్ట్రాన్‌లో వందో వంతు కూడా ఉండదు. వీధి దీపాల హోరులో చీమ నడక వినిపించదు కదా, ఆ చీమని ఇంకా నెమ్మదిగా నడవమనడం దేనికి? పాత సీసీడీ (CCD) రకం సెన్సర్ కెమెరాల రోజుల్లో, పెద్ద అబ్జర్వేటరీల్లో ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 100 దాకా దించేవారంటే వాళ్ల సెన్సర్లు వేరు, వాళ్లు వెతికే మసక వెలుగు వేరు.

అయితే కూలింగ్ దేనికి అంటారా? నిలకడ కోసం. డబ్బులు పెట్టింది చలికి కాదు, రాత్రి తొమ్మిదింటికీ తెల్లవారుజామున మూడింటికీ ఉష్ణోగ్రత ఒకేలా ఉండటానికి. అప్పుడే మీ డార్క్ ఫ్రేములు (మూత పెట్టి తీసేవి) లైట్ ఫ్రేములకి (ఆకాశం ఫోటోలకి) సరిగ్గా సరిపోయి, వీటిలోంచి వాటిని తీసివేస్తే హాట్ పిక్సెళ్లు (వేడికి ఊరికే వెలిగే చుక్కలు) శుభ్రంగా పోతాయి. అందుకని చూడాల్సిన అంకె డిగ్రీలు కాదు, కూలర్ పవర్ శాతం. అది 70, 80 మధ్య నిలబడేలా టెంపరేచర్ ఎంచుకోండి. 100 దగ్గర ఉందంటే దాని చేతిలో ఇంకేమీ మిగల్లేదని అర్థం. బయట ఒక డిగ్రీ పెరిగితే లోపలా పెరుగుతుంది.

నాకు రెండే సెట్టింగులు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మైనస్ 10, మార్చి నుంచి వానలు మొదలయ్యేదాకా ప్లస్ 5. రెండింటికీ విడివిడిగా డార్క్ లైబ్రరీలు, అంటే ముందే తీసి దాచుకున్న డార్క్ ఫ్రేములు. వానాకాలంలో కెమెరా డబ్బాలోనే ఉంటుంది.

ఇక మీ కెమెరా సంగతి. ప్లస్ 5 పెట్టినా పవర్ 100 చూపిస్తుంటే అప్పుడు అనుమానించాల్సింది అడాప్టర్‌నీ వైర్‌నీ. కూలర్ పూర్తి జోరులో 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంట్లో పడున్న రౌటర్ అడాప్టర్ 1 ఆంపియరో 2 ఆంపియర్లో ఇస్తుంది, చాలదు. 12 వోల్టులు, 5 ఆంపియర్లది కొనండి. పిన్ లోపలిది ప్లస్ అవునో కాదో మల్టీమీటర్‌తో చూసుకోకుండా గుచ్చకండి.

వైర్ విషయంలో నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. మెట్ల గదిలో ప్లగ్ ఉంది, టెలిస్కోప్ దానికి ఐదు మీటర్ల దూరం. స్పీకర్లకి వాడే సన్న వైర్, అర చదరపు ఎంఎంది, ఇంట్లో ఉంటే అదే లాగాను. వెళ్లడానికి ఐదు, రావడానికి ఐదు, మొత్తం పది మీటర్ల రాగి. 3 ఆంపియర్లు పారితే దారిలోనే ఒక వోల్టు పోతోంది. కెమెరా దగ్గర మీటర్ పెట్టి చూస్తే కూలర్ ఆపినప్పుడు 12.1, నడిపినప్పుడు 11. ఎలక్ట్రికల్ షాపులో ఒకటిన్నర చదరపు ఎంఎం వైర్ తెచ్చి మార్చాక నష్టం మూడో వంతుకి పడింది, అదే చలికి పవర్ శాతమూ దిగింది. ఇంకో మాట: 12 వోల్టులు అసలు పెట్టకపోయినా యూఎస్‌బీ కరెంటుతో చాలా కెమెరాలు ఫోటోలు తీస్తాయి, కూలర్ మాత్రం పనిచేయదు. "కూలింగ్ పనిచేయట్లేదు" అని నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే.

లోపల ఫ్రిజ్‌లోలా కంప్రెసర్ ఏమీ ఉండదు. పెల్టియర్ పలక ఉంటుంది. రెండు వేర్వేరు లోహాల అతుకులో కరెంటు పారితే ఒక వైపు చల్లబడుతుంది, ఇంకో వైపు వేడెక్కుతుందని 1834లో జాన్ పెల్టియర్ గమనించిన సంగతే అది. చలిని పుట్టించదు, సెన్సర్ దగ్గరి వేడిని వెనక్కి మోసుకెళ్లి పారబోస్తుంది, తన వేడి కూడా కలిపి. ఆ వేడి ఫ్యాన్ లోంచి బయటికి పోవాలి. మంచు పడుతోందని నేనొకసారి కెమెరాకి పాలిథిన్ కవర్ చుట్టాను, వెనక కూడా. పావుగంటలో పవర్ 60 నుంచి 100కి పోయింది, చెయ్యి పెడితే కెమెరా వీపు కాలుతోంది. ఫ్యాన్ రెక్కల్లో దుమ్ము, దారప్పోగులు చేరినా అదే జరుగుతుంది. నెలకోసారి బ్రష్‌తో తుడవండి.

ఇప్పుడు అసలు తలనొప్పి, తేమ. మీరు ఉండేది బాపట్ల వైపు అన్నారు కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి.

రెండో ఏడు మార్చిలో లియో ట్రిప్లెట్ (సింహరాశిలోని మూడు గెలాక్సీల గుంపు) తీస్తున్నాను. పదకొండు దాకా ఫ్రేములు బాగానే వచ్చాయి. ఆ తర్వాత మధ్యలో నక్షత్రాలు ఉబ్బినట్టు కనిపించాయి, అంచుల్లో మాత్రం సన్నగానే ఉన్నాయి. మబ్బు అనుకున్నాను. బయటికొచ్చి చూస్తే ఆకాశం అద్దంలా ఉంది. ఫోకస్ అనుకుని బాటినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసే చీలికల మూత) పెట్టాను, ఫోకస్ బాగానే ఉంది. తర్వాతి ఫ్రేమ్‌లో ఆ మసక ఇంకొంచెం పెద్దదైంది. చివరికి కెమెరా ఊడదీసి, కూలర్ నడుస్తుండగానే టార్చి ఏటవాలుగా వేసి లోపలికి చూశాను. సెన్సర్ మీద రూపాయి బిళ్లంత కూడా లేదు గానీ, ఫెర్న్ ఆకులా కొమ్మలు చాచుకుని మంచు స్ఫటికం. చూడ్డానికి ముచ్చటగా ఉంది, గుండె మాత్రం గుభేలుమంది. ఆ రోజు మార్చి అని మర్చిపోయి పాత మైనస్ 10తోనే తంటాలు పడుతున్నాను, సున్నాకి కాస్త కిందకి చేరింది, మంచు కట్టడానికి అది చాలు.

జరిగిందేమిటంటే, సెన్సర్ గదిలో గాలిని పొడిగా ఉంచే డెసికెంట్ గుళికలు నీళ్లు తాగేసి ఊరుకున్నాయి. ఏడాదికి పైగా వాటి జోలికే పోలేదు నేను. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో 24 డిగ్రీల దగ్గరే నీరు చెమరుస్తుంది. ఇక సున్నా డిగ్రీల సెన్సర్ సంగతి చెప్పేదేముంది? కూలర్ ఆపి, కెమెరా గది వేడికి వచ్చాక, మాన్యువల్లో చెప్పినట్టు పక్కనున్న చిన్న మూత విప్పి గుళికలు తీసి కొత్తవి వేశాను. పాతవాటిని తక్కువ వేడి ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, ఎంత వేడి, ఎంతసేపు అన్నది మీ మాన్యువల్ చూసి చేయండి. ఈ పని చేసేటప్పుడు పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకోండి, వాన పడుతున్న రోజు వద్దు. పొరపాటున కూడా సెన్సర్ మీద మంచుని బట్టతో తుడవకండి, ఆరిపోతే అదే పోతుంది.

లోపలి మంచు వేరు, ముందు గాజు మీద పట్టే చెమ్మ వేరు. గాజు బయట వైపు మసకైతే అందుకు చిన్న హీటర్ ఉంటుంది, నా మోడల్‌లో డ్రైవర్ సెట్టింగుల్లోనే టిక్ పెట్టే గడి. మన కోస్తాలో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండనివ్వండి. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుందంటే, హీటర్ వేశాక పదిహేను నిమిషాల్లో పోతే అది గాజు, పోకపోతే గుళికలు.

మొదటి రాత్రి డాబా ఎక్కకండి. ఇంట్లో టేబుల్ మీద, మూత పెట్టి మొదలుపెట్టండి. ముందు డ్రైవర్, యాస్కామ్ (ASCOM, ఆస్ట్రానమీ పరికరాలని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఆ తర్వాతే కేబుల్ గుచ్చండి. ఫోటోలు తీయించే సాఫ్ట్‌వేర్‌కి నినా (N.I.N.A.) చాలు, ఉచితం. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా, అర్ధరాత్రి అప్‌డేట్ అంటూ రీస్టార్ట్ కాకుండా ముందే కట్టడి చేయండి. ప్లస్ 5కి పది నిమిషాల్లో దిగమని చెప్పి, శాతం ఎక్కడ నిలిచిందో రాసుకోండి. అరగంట కదలకుండా ఉంటే కెమెరా ఆరోగ్యంగానే ఉన్నట్టు.

గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగు) గురించి జుట్టు పీక్కోవద్దు. నా 533 సెన్సర్‌తో వచ్చే కెమెరాల్లో సాధారణంగా గెయిన్ 100 దగ్గర రీడ్ నాయిస్ (ఫ్రేమ్ చదివేటప్పుడు చేరే గోల) ఒక్కసారిగా పడిపోతుంది, నాలుగేళ్లుగా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఆఫ్‌సెట్ (ప్రతి పిక్సెల్ విలువకీ కలిపే చిన్న అంకె) మాత్రం చూసుకోండి: మూత పెట్టి అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒక ఫ్రేమ్ తీసి, అందులో కనిష్ఠ విలువ సున్నాకి తగలకుండా ఉందో లేదో చూస్తే చాలు. (సరదాకి పిక్సెల్ విలువలు చూడండి, అన్నీ 4తో భాగిస్తే శేషం లేకుండా పోతాయి. సెన్సర్ లెక్క 14 బిట్లు, ఫైలు 16 బిట్లు కాబట్టి.)

ఫ్లాటెనర్ (మూలల్లో నక్షత్రాలని సరిచేసే కటకం) వాడుతుంటే దాని వెనక నుంచి సెన్సర్ దాకా ఎక్కువగా 55 ఎంఎం ఉండాలి. నా కెమెరా లోపలే 17.5 పోతుంది, మిగతా 37.5కి 21, 16.5 రింగులు కలిపితే సరి. మూలల్లో నక్షత్రాలు గీతల్లా వస్తే ముందు ఈ కూడిక మళ్లీ చేయండి.

డార్క్‌లు మబ్బు పట్టిన రోజున తీసి పెట్టుకోండి: అదే టెంపరేచర్, అదే గెయిన్, అదే ఆఫ్‌సెట్, అదే ఎక్స్‌పోజర్, ఓ ముప్పై. మూత మీద నల్ల బట్ట కప్పండి, ప్లాస్టిక్ మూతల్లోంచి ట్యూబ్‌లైట్ వెలుగు దూరుతుంది. ఫ్లాట్‌లకి (దుమ్ము మచ్చల్ని తీసేయడానికి తీసే తెల్ల ఫ్రేములకి) నేను మా నాన్నగారి తెల్ల పంచె రెండు మడతలు వేసి గొట్టం మూతికి బిగించి, తెల్లవారే ఆకాశం వైపు తిప్పుతాను. హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫ్) సగం దగ్గర ఉంటే చాలు. అప్పటిదాకా కెమెరా తిప్పకూడదు, ఫోకస్ కదపకూడదు. తిప్పారా, దుమ్ము రేణువుల గుండ్రటి మచ్చలు ఫోటోలో అలాగే మిగిలిపోతాయి.

పని అయ్యాక కూలర్‌ని ఒక్కసారిగా ఆపకుండా పది నిమిషాల్లో మెల్లగా వేడెక్కనివ్వమంటారు. నినాలో దానికి బటన్ ఉంది, నేనూ నొక్కుతాను. అయినా మన కరెంటు అడిగి పోదు కదా! నాలుగేళ్లలో ఆరేడుసార్లు మైనస్ 10లో ఉండగానే పోయింది, కెమెరాకి ఏమీ కాలేదు. కాబట్టి పోయినప్పుడు టెన్షన్ పడకండి. వెంటనే కెమెరా ఊడదీయకుండా, అది గది వేడికి వచ్చేదాకా టెలిస్కోప్‌కే ఉంచండి. చల్లటి కెమెరాని తేమ గాలిలో విప్పితే గాజంతా చెమరుస్తుంది. ఆ తర్వాత సిలికా జెల్ సంచులు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టేయండి. నాది స్టీలు మూత బిగుతుగా ఉండే పెద్ద డబ్బా, ఒకప్పుడు మా అమ్మ అందులో అప్పడాలు దాచేది.

ప్లస్ 5 పెట్టి అరగంట నడిపి, పవర్ శాతమూ, కెమెరా దగ్గర వోల్టేజీ ఎంతుందో కామెంట్‌లో రాయండి. అడాప్టర్ ఎన్ని ఆంపియర్లదో కూడా.