అంతర్జాతీయ వార్తల్లో వాడే మాటలు ఒక యుద్ధాన్ని మనం చూసే తీరును ఎలా మారుస్తాయి?

ఉక్రెయిన్ విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం సరిహద్దు దాటి వచ్చింది. ప్రపంచ పత్రికలు చాలావరకు దాన్ని ‘దురాక్రమణ’ అన్నాయి. మాస్కో మాత్రం ‘ప్రత్యేక సైనిక చర్య’ అంది. ‘చర్య’ అనగానే ఏదో చిన్న పని, నాలుగు రోజుల్లో అయిపోతుంది అనిపిస్తుంది. ‘యుద్ధం’ అనే మాటే వాడొద్దని అక్కడి నియంత్రణ సంస్థ మీడియాను ఆదేశించింది. సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ ఇస్తే 15 ఏళ్ల దాకా జైలు అంటూ మార్చిలో చట్టం కూడా తెచ్చారు. ఒక్క మాటకు ప్రభుత్వం అంత భయపడింది!

నన్ను ఇంకా బాధపెట్టేది కర్త కనిపించని వాక్యం. 2023 జనవరి 14న ద్నిప్రో నగరంలో రష్యా క్షిపణి ఒక అపార్ట్‌మెంట్‌ను కూల్చి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. దీన్నే ‘అపార్ట్‌మెంట్‌పై క్షిపణి పడి 40 మంది మృతి’ అని రాస్తే? పిడుగు పడినట్టే ఉంటుంది, వేసినవాళ్లు మాయమైపోతారు. మన తెలుగులో ‘పడింది, పేలింది, కూలింది’ అని రాయడం మరీ సులువు, అందుకే ఈ పొరపాటు మన హెడ్డింగుల్లోనూ తేలిగ్గా దూరిపోతుంది.

ఊరి పేరు కూడా అంతే. అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2019 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధానికి రష్యన్ ఉచ్చారణ ‘కియెవ్’ను వదిలేసి, ఉక్రెయిన్ వాళ్లు పిలుచుకునే ‘కీవ్’ రాయడం మొదలుపెట్టింది.