పాఠకుల ప్రశ్నలు: గుల్లలు తీసేవాళ్లకు

ప్రశ్న: కేరళలోని అష్టముడి సరస్సులో గుల్లల వేట దెబ్బతిని మళ్లీ లేచిందని విన్నాం. అక్కడ ఏం చేశారు?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: కొల్లం దగ్గరి ఆ సరస్సులో ఎగుమతికి తీసేది షార్ట్‌నెక్ క్లామ్ అనే గుల్ల. స్థానికులు పూవన్ కక్క అంటారు. 1980ల మొదట్లో వ్యాపారం మొదలై, 1991కల్లా ఏడాది దిగుబడి దాదాపు 10,000 టన్నులకు చేరింది. 1993 నాటికి అందులో సగమే మిగిలింది. ఒక్కసారి కూడా గుడ్లు వదలని పిల్ల గుల్లల్ని సైతం ఊడ్చేయడం దీనికి ముఖ్య కారణం.

తర్వాత సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) సలహాతో గుల్లలు గుడ్లు వదిలే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపారు. వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నారు. యంత్రాలతో తవ్వడం మానేసి చేతి పనిముట్లకే పరిమితమయ్యారు. ఇవి చాలా చోట్ల కాగితం మీద ఉండే నియమాలే. అక్కడ పనిచేసింది నాలుగోదని మా అభిప్రాయం: ఎగుమతి మాంసం కిలోకు 1,400 ముక్కలు మించకూడదు. అంటే ఒక్కో ముక్క సగటున సుమారు 0.7 గ్రాములైనా ఉండాలి. పిల్ల గుల్లల మాంసం కాటా దగ్గరే ఆగిపోతే, వాటిని తవ్వడానికి పొద్దంతా నీళ్లలో ఎవరు నిలబడతారు? సరస్సంతా కాపలా కాయడం కష్టం. కొనేవాళ్లను అడగడం తేలిక. ఆ వేటకు 2014లో ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవర్డ్‌షిప్ కౌన్సిల్) ఇచ్చే, సంపద తరగకుండా వేటాడుతున్నారనే ధ్రువపత్రం దక్కింది, మన దేశంలో అదే మొదటిది. అంతటితో గండం గట్టెక్కలేదు. దిగుబడి మళ్లీ తగ్గడంతో హేచరీలో (పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో) పెంచిన పిల్లల్ని సరస్సులో వదలాల్సి వచ్చింది.

ప్రశ్న: మేమూ డిసెంబర్–ఫిబ్రవరిలో ఆపితే సరిపోతుందా? మా దగ్గర ఎక్కువగా బుడిత గుల్లలు.
– మత్స్యకారుల సంఘం సభ్యుడు, కాకినాడ తీరం

జవాబు: ఆ నెలలు అష్టముడికి, ఆ జాతికి సరిపోయినవి. గోదావరి వరద నీరు చేరే మీ చోట లెక్క మీరే తీసుకోవాలి. పదిహేను రోజులకోసారి పాతిక పెద్ద గుల్లల్ని కోసి చూడండి. లోపలి సంచి ఉబ్బి, చిక్కటి పాల రంగులోనో నారింజ రంగులోనో ఉంటే గుడ్లు పక్వానికి వచ్చినట్టు. సంచి పలుచబడి నీరు నీరుగా ఉంటే వదిలేసినట్టు. సగానికి పైగా పక్వంగా కనిపించిన రోజు నుంచి, ఎక్కువ భాగం ఖాళీ అయ్యేదాకా ఆపండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం మర పడవలకు. చేత్తో గుల్లలు ఏరేవాళ్లకు అది వర్తించదు కాబట్టి ఆ ఆపేదేదో సంఘమే తీర్మానం చేసుకోవాలి.

ప్రశ్న: ఎంత తీయవచ్చో ముందే లెక్క కట్టగలమా?
– అదే సంఘం

జవాబు: కట్టవచ్చు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున్న ఇనుప చట్రం చేయించండి. పాటు సమయంలో (నీరు వెనక్కి తగ్గినప్పుడు) మేట మీద, అంటే గుల్లలుండే దిబ్బ మీద, సమాన దూరంలో కనీసం 30 చోట్ల దాన్ని వేసి, 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి, సన్న జల్లెడలో కడిగి లెక్కపెట్టండి. గుల్లలు దండిగా ఉన్న చోటే చట్రం వేయాలని చెయ్యి లాగుతుంది. లెక్క తప్పేది అక్కడే. ఖాళీగా వచ్చిన చోట సున్నా అని రాయాల్సిందే.

చట్రానికి సగటున 30 గుల్లలు వచ్చి, అందులో అమ్మకం సైజువి 12 అనుకుందాం. చదరపు మీటరుకు 48, హెక్టారుకు 4.8 లక్షలు. ఒక్కోటి 10 గ్రాములు తూగితే 4.8 టన్నులు. అందులో మూడో వంతు, అంటే 1.6 టన్నులు దాటవద్దని మా సలహా. గుల్లలు గుడ్లనూ బీజాన్నీ నీళ్లలోకే వదులుతాయి. మేట పలుచబడితే అవి ఒకదాన్నొకటి చేరవు. ఆడా మగా రెండూ మిగిలినా సంతానం రాదు.

జల్లెడ కింద రాలిన పిల్లల్ని పడవలో ఎండకు వదిలేయకండి. వెంటనే, తీసిన మేట మీదే పలుచగా చల్లండి. ఒకే చోట కుప్పగా గుమ్మరిస్తే అడుగువి బురదలో ఊపిరాడక చస్తాయి, పైవి పీతల పాలవుతాయి.

ప్రశ్న: ఖాళీ చిప్పలు కుప్పలుగా కనిపిస్తున్నాయి. కారణం ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: చిప్పకు మర వేసినట్టు గుండ్రని చిన్న రంధ్రం ఉంటే అది మాంసం తినే నత్త పని. ముక్కలు ముక్కలైతే పీత లేదా టేకు చేప. రెండు చిప్పలూ అతుక్కునే ఉండి, పగుళ్లు లేకుండా తెరుచుకుని, పెద్దవీ చిన్నవీ కలిసి చచ్చి ఉంటే నీటిని అనుమానించండి: వరదకు ఉప్పదనం పడిపోవడం, మొగ (నీరు సముద్రంలో కలిసే చోటు) పూడిపోయి నీరు వేడెక్కడం, లేదా ఎగువన ఇసుక తవ్వకంతో ఒండ్రు కప్పేయడం. రంధ్రాలు కనిపిస్తే నత్తల్ని ఏరేయాలి. నీటి వల్ల చచ్చిపోతుంటే మేట మీద చేయగలిగింది తక్కువ. బతికినవాటిని లోతు చోటికి మార్చి, మొగ సంగతి అధికారుల దగ్గర తేల్చుకోవాలి.

ప్రశ్న: ఇక్కడ వాషింగ్టన్ తీరంలో రేజర్ క్లామ్‌లు తవ్వితే, చిన్నవైనా విరిగినవైనా మొదటి 15 తీసుకెళ్లాల్సిందే అంటారు. మీరేమో పిల్లల్ని వదలమంటున్నారు?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: రేజర్ క్లామ్ చిప్ప గాజులా పెళుసు. తవ్వి వదిలినవి చాలావరకు చచ్చిపోతాయి. వదలమంటే జనం పెద్దవి దొరికేదాకా తవ్వి పారేస్తూ పోతారు. గట్టి చిప్పవాటికి ఆ బెడద తక్కువ. ఇంకో మాట: తవ్వే ముందు ఆ తీరం తెరిచి ఉందో లేదో రాష్ట్ర ప్రకటన చూసుకోండి. క్లామ్ మాంసంలో డొమోయిక్ ఆమ్లం అనే నాచు విషం 20 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 20) చేరితే మూసేస్తారు. ఆ విషం వండినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు.