సేఫ్టీ ఆఫీసర్ కోర్సు: 70 వేలు ఇప్పుడే కట్టొద్దు

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. చాలా ఏండ్లుగా బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతున్నాను. మా పిల్లోడు ఈ ఏడాది కర్నూలులో సివిల్ డిప్లొమా పూర్తి చేసినాడు. మూడు నెలల సేఫ్టీ ఆఫీసర్ కోర్సుకు 70 వేలు కట్టండి, కువైట్‌లో ఉద్యోగం గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వెంటపడుతున్నారు. నేను చూసిన సేఫ్టీ ఆఫీసర్లు హెల్మెట్ లేనోళ్లను ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లే. వాళ్ల మాట మేస్త్రీ కూడా వినడు. ఈ ఉద్యోగానికి విలువ ఉందా? కోర్సులో చేర్చమంటారా?

జవాబు: అన్నా, కోర్సు సంగతి ముందు చెప్తాను. ఇప్పుడు కట్టొద్దు. ఉద్యోగం మంచిదే, మీ వాడికి సరిపోతుంది కూడా. కానీ అది మూడు నెలల్లో చేతికొచ్చేది కాదు.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దాని కింద 1998లో చేసిన కేంద్ర నిబంధనల్లో సేఫ్టీ ఆఫీసర్‌కు ఏ అర్హతలుండాలో రాశారు. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే నిర్మాణ పనిలో సూపర్‌వైజర్ స్థాయిలో 2 ఏళ్లు, డిప్లొమా అయితే 5 ఏళ్లు చేసి ఉండాలి. ఆపైన గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి, అందులో నిర్మాణ భద్రత మీద ఒక పేపరైనా ఉండాలి. ఇంకో షరతు ఉంది, దాన్ని ఎవరూ ప్రకటనల్లో వేయరు: ఆ సైటులో ఎక్కువమంది కూలీలు మాట్లాడే భాష వచ్చి ఉండాలి. మూడు నెలల సర్టిఫికెట్ వీటిలో దేన్నీ తీర్చదు.

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. ఇంతకుముందు 500 మంది కూలీలున్న చోటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. కోడ్‌లో నిర్మాణ పనులకు ఆ సంఖ్యను 250కి దించారు. కాబట్టి పోస్టులు పెరిగే వీలుంది. అర్హతల రూల్స్ మారొచ్చు గనుక, సేఫ్టీ డిప్లొమాలో చేరబోయే ముందు అప్పటికి ఏది అమల్లో ఉందో చూసుకోండి.

ఇక ఫొటోలు తీసేవాళ్ల సంగతి. వాళ్లలో చాలామందికి కాంక్రీటు తెలియదు, అందుకే హెల్మెట్ దగ్గర ఆగిపోతారు. మీ మేస్త్రీకి అది తెలుసు, అందుకే లెక్కచేయడు. మీరు రోజూ చేసే పనినే తీసుకుందాం. 5 అంగుళాల స్లాబు చదరపు అడుగుకు సుమారు 29 కిలోలు తూగుతుంది. పదికి పది గది కప్పు దాదాపు 3 టన్నులు. పోసిన రోజు దానికి సొంత బలం ఉండదు, బరువంతా కింద నిలబెట్టే జాకీల మీదే. పెద్ద బిల్డింగుల్లో ఆ జాకీలు నిలబడేది నేల మీద కాదు, వారం పది రోజుల కింద పోసిన కింది స్లాబు మీద. అదీ పూర్తిగా గట్టిపడి ఉండదు గనుక దాని కిందా జాకీలుండాలి, ఆ కింది అంతస్తులోనూ ఉండాలి. పైన సామాను చాలలేదని కింది జాకీలు లాగేయమన్న మాట మీరు ఎన్నిసార్లు విన్నారో మీకే తెలుసు.

1973 మార్చి 2న అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని స్కైలైన్ ప్లాజా టవర్ కడుతుండగా 23వ అంతస్తు స్లాబు కింది ఆధారాలు తొందరపడి తీశారు. అక్కడ మొదలైన కూలుడు నేలదాకా వచ్చింది. 14 మంది చనిపోయారు. 1978 ఏప్రిల్ 27న వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలాండ్‌లో ఇంకా ఘోరం. కూలింగ్ టవర్ కడుతున్నారు, పరంజాను నేల మీంచి లేపకుండా అప్పటికే పోసిన గోడకే బిగించారు. ముందురోజు పోసిన కాంక్రీటు చాలినంత గట్టిపడలేదు. పరంజా ఊడి 51 మంది పోయారు. హెల్మెట్ల ఫొటోలు ఎన్ని తీసినా ఈ రెండూ ఆగేవి కావు.

మన దగ్గర కాంక్రీటు పనులకు ఐఎస్ 456 అని కోడ్ ఉంది, 2000 సంవత్సరానిది. దాని ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే బీముల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబు కింద జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీము కింద, స్తంభాల మధ్య దూరం 6 మీటర్ల వరకు 14 రోజులు, దాటితే 21. ఫ్లై యాష్ కలిపిన పీపీసీ సిమెంటు బలం నిదానంగా వస్తుంది, దానికి ఈ రోజులు పెంచాలి. తొందరగా తీసే పద్ధతులు లేకపోలేదు, కానీ వాటికి ఇంజినీరు లెక్క కావాలి, కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టు ఫలితం కావాలి. "క్యూబ్ ఎంత వచ్చింది? జాకీలు తీయమని డిజైన్ ఇంజినీరు ఎక్కడ సంతకం పెట్టినాడు?" అని అడగగలిగిన పిల్లోడికి మేస్త్రీ కూడా జవాబు చెప్పక తప్పదు.

పడిపోవడం గురించి మీకు నేను చెప్పేదేముంది, నిర్మాణంలో ఎక్కువ ప్రాణాలు తీసేది అదే. అయినా ఒకటి చెప్తాను. లిఫ్టు గుంత మీద ఊరికే పరిచిన ప్లై ముక్క చాలా ప్రమాదం. ఎవరికో ప్లై అవసరమై రెండు చేతులా ఎత్తుకుని ముందుకు అడుగేస్తాడు, కింద గుంత ఉందని కనబడదు. మేకులు కొట్టి, రంగుతో గుర్తు పెట్టి ఉంటే ఆ చావు లేదు. సేఫ్టీ బెల్టు కూడా అంతే. వేసుకున్నాడా అని చూడడం సులువు, కొక్కెం దేనికి తగిలించాడో, అది మనిషి పడితే ఆపుతుందో లేదో చూడడమే పని. పచ్చి సిమెంటుకు కాళ్లు కాలడం, కాంక్రీటు కోసేటప్పుడు లేచే దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవడం, మే నెల ఎండలో స్లాబు మీద కళ్లు తిరిగి పడడం, ఇవన్నీ కూడా సేఫ్టీ ఆఫీసర్ ఖాతాలోవే.

మాట వింటారా అంటే, కంపెనీని బట్టి ఉంటుంది. జీతమిచ్చే కాంట్రాక్టరు పనినే ఆపాల్సిన ఉద్యోగం ఇది, ఒత్తిడి లేదని నేను చెప్పను. ఇంటర్వ్యూలో మీ వాడు రెండు సంగతులు అడగాలి. పని ఆపే అధికారం రాతపూర్వకంగా ఇస్తారా? తాను రిపోర్టు చేసేది సైటు మేనేజరుకా, హెడ్ ఆఫీసులోని సేఫ్టీ విభాగానికా? సైటు మేనేజరుకే అయితే, స్లాబు ఆలస్యమైన రోజు గెలిచేది స్లాబే. చూడకుండా, పని మొదలుపెట్టొచ్చని ఇచ్చే పర్మిట్ మీద సంతకం పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ప్రమాదం జరిగితే పోలీసులు మొదట వెతికేది ఆ కాగితాన్నే.

ఇప్పుడు ఏం చేయాలంటే, కాంక్రీటు పని నడిచే సైటులో చేరాలి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో డిప్లొమా వాళ్లకు ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఉంటాయి, నమోదుకు డబ్బు అక్కర్లేదు. తర్వాత సూపర్‌వైజర్‌గా చేరి, హోదా, తేదీలు స్పష్టంగా ఉన్న అనుభవ పత్రం ప్రతి చోటా తీసుకోవాలి. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది: చదువు 3 ఏళ్లు, ఆపైన పని 2 ఏళ్లు. అప్రెంటిస్ ఏడాదిని పక్కన పెడితే, డిప్లొమాతో అయినా 5 ఏళ్లే, డిగ్రీతో అయినా 5 ఏళ్లే. మొదటి దారిలో మొదటి ఏడు నుంచే ఇంటికి డబ్బొస్తుంది, రెండో దారిలో చేతికి డిగ్రీ వస్తుంది. మీరు సుగ్గికి, అంటే వలస పనికి పోయి చదివించిన ఇంట్లో ఏది నయమో మీరే తేల్చుకోవాలి. పిల్లోడికి చదువు మీద మనసుంటే నా ఓటు ఈసెట్‌కే. సేఫ్టీ ఆఫీసర్ కాకపోయినా ఆ డిగ్రీ పనికొస్తుంది.

అనుభవం వచ్చాక చేరాల్సింది అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీలో, ఏడాది కోర్సు. కేంద్ర కార్మిక శాఖ కింద చెన్నైలో ఉన్న రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్తారు. వేరే చోట చేరితే రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి గుర్తింపు ఉందో లేదో చూడండి. గల్ఫ్ కంపెనీలు అడిగేది ఎక్కువగా నెబోష్, అది బ్రిటన్ సంస్థ పరీక్ష. ఇంగ్లీషులో సొంతంగా జవాబులు రాయాలి, ఎవరు నేర్పించొచ్చో ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉంటుంది. అమెరికా వాళ్ల ఓషా 30 గంటల కార్డు అవగాహన క్లాసుకు ఇచ్చేది, లైసెన్సు కాదు. కువైట్ ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్లకు కేంద్రం ఇచ్చే రిక్రూటింగ్ ఏజెంట్ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి.

భాష సంగతి అన్నాను కదా. ఆదోని పిల్లోడికి తెలుగుతో పాటు కన్నడం వచ్చే ఉంటుంది. బెంగళూరు, హైదరాబాదు సైట్లలో బిహార్, ఒడిశా, బెంగాల్ వాళ్లు చాలామంది ఉన్నారు, హిందీ బాగా మాట్లాడడం నేర్చుకోమనండి. ఈసారి స్లాబు పోసే ముందు, మీ ఇంజినీరును అడిగి, వాణ్ని ఒకరోజు మీ సైటుకు తీసుకెళ్లండి. ఏ జాకీ ఎందుకుందో మీరు చెప్పినంత బాగా ఏ ఇన్‌స్టిట్యూటూ చెప్పదు.

అడగలేదు గానీ, మీరు కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదయ్యారా? 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు పని చేసి ఉంటే చాలు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీట్లు అయిపోతున్నాయని మళ్లీ ఫోన్ చేస్తే గొడవ పెట్టుకోవద్దు. ఏ కంపెనీ, ఏ పోస్టు, ఎంత జీతం, ఉద్యోగం రాకపోతే డబ్బు ఏ తేదీలోగా వాపసు ఇస్తారు, ఇవన్నీ రసీదు మీదే రాసి సంతకం పెట్టిమ్మనండి.